ఉలిగొండ గుహలో కత్తికట్టు

ముసురు పట్టి కురిసిన వాన ఆ ఉదయం కాస్త తెరపి ఇచ్చింది. ఉలిగొండ లోపలి నుంచి ఊరే బుగ్గ ఎర్రటి నీళ్లు కక్కుతోంది. నీళ్లకు అందరికంటే ముందు లింగమ్మే వచ్చింది. మిగతా ఆడవాళ్లు వచ్చాక ఆమెను కడవ ముంచనివ్వరు. ఇసుక పక్కకు తోసి తేట నీళ్ల కోసం వెతుకుతుంటే ఆమె వేళ్లకు గట్టిగా ఏదో తగిలింది. తీసి చూసింది. నల్లబడిన వెండి కడియం. కొంగుతో గట్టిగా రుద్దింది. సింహం తల బయటపడింది. మూతి ఒకవైపు అరిగి ఉంది.

కడవ అక్కడే వదిలేసి లింగమ్మ కోట వైపు పరుగెత్తింది.

బంట్ల కొట్టం ముందు ఆమె మరిది మద్దిలేటి గుర్రానికి మాలీసు చేస్తున్నాడు. తడిసిన చీరతో, రొప్పుతూ వచ్చిన వదినను చూసి అతను చేతిలోని పీచు కింద పడేశాడు.

"ఏమయింది వదినా?"

"మీయన్న యాడికీ పారిపోలేదబ్బీ! ఈ కొండలోనే ఉండాడు. ఇదో, సూడు!"

మద్దిలేటి కడియం అందుకున్నాడు. ఆ మూతి సానరాయికి తగిలి అరిగిన రోజు అన్న ఎంత తిట్టుకున్నాడో అతనికి బాగా గుర్తు.

మూడేళ్ల కిందట చెన్నప్ప మరో ఆరుగురు బంట్లను వెంటబెట్టుకుని ఉలిగొండ గుహలోకి వెళ్లాడు. నవాబు సేనలు మీద పడినప్పుడు గుమ్మడికోట పెద్దదొర తన సొమ్మంతా ఒక రాగి కొప్పెరలో పోయించి ఆ గుహలో దాచాడు. ఆయన పోయాక కొడుకు నరసప్ప నాయకుడు దాన్ని తీసుకురమ్మని చెన్నప్పను పంపాడు. ఏడుగురిలో ఒక్కడూ తిరిగి రాలేదు. చెన్నప్ప సొమ్ముతో సహా నవాబు పంచన చేరాడని దొర తేల్చేశాడు. అతని మాన్యం లాక్కున్నాడు. మిగిలిన ఆరుగురి పెళ్లాలూ తమ మొగుళ్లను చెడగొట్టింది చెన్నప్పేనని లింగమ్మ మీద దుమ్మెత్తి పోశారు. మొగుడు చచ్చాడని ఏడవడానికి లేదు, ఉన్నాడని బొట్టు పెట్టుకుంటే కాండ్రించి ఉమ్ముతారు. ఆమె బతుకు అలా నడిచింది.

"నాకు మాన్యం వద్దు, సొమ్మొద్దు," అంది లింగమ్మ. "ఆయన ద్రోహి కాదని ఆ దొర నోటితో, నలుగురి ముందర చెప్పించు. అంతే."

నరసప్ప నాయకుడు మద్దిలేటి తెచ్చిన కడియాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"పారిపొయ్యేటప్పుడు జారి పడిందేమో! కడియం నాకెందుకురా? కొప్పెర తీసుకురా, నమ్ముతా. ఉత్త చేతుల్తో వస్తివా, నిన్నూ మీయన్న లెక్కలోనే కడతా."

"తెస్తా దొరా," అన్నాడు మద్దిలేటి.

గుహలో బూతం ఉందని కోటంతా నమ్మకం. వెంట వస్తామన్నది ఇద్దరే. ఒకడు దస్తగిరి, ఫిరంగి పేల్చేవాడు, ఏనుగు గున్నలాంటి మనిషి. గుళ్లు చెవుల పక్క నుంచి దూసుకుపోతున్నా వత్తికి నిప్పంటించే చెయ్యి వణకని వాడు. రెండోవాడు సుంకన్న, ఈనెపుల్లలా ఉంటాడు, నోరు మాత్రం మూయడు.

గుమ్మడికోట బంట్లకు ఒక కట్టడి ఉంది. పనిమీద పోయేముందు చౌడమ్మ గుడి దగ్గర పూజారి కత్తిపిడికీ కుడి మణికట్టుకూ కలిపి ఎర్రటి పట్టుతాడు ముడి వేస్తాడు. కత్తికట్టు అంటారు దాన్ని. పని ముగించి వచ్చాక ఆ ముడిని దొరే తన చేత్తో విప్పాలి. మధ్యలో విప్పుకున్నవాడు చచ్చినవాడితో సమానం. పెళ్లాం కూడా వాడికి అన్నం పెట్టకూడదు. గుర్రం మీది నుంచి పడ్డప్పుడు, కోటగోడ మీద చెయ్యి జారినప్పుడు కత్తి పోకుండా ఆ తాడే ఎందరి ప్రాణాలో కాపాడింది. అందుకే గుహలోకి పోయేవాళ్లకు కూడా పూజారి ఎప్పటిలాగే తాడు కట్టాడు. వాళ్లూ ఎప్పటిలాగే చేతులు చాపారు.

మరునాడు తెల్లవారగానే బయలుదేరారు. వద్దన్నా వినకుండా లింగమ్మ మోకుతాడు చుట్ట భుజాన వేసుకుని వెంట వచ్చింది. వాన మళ్లీ మొదలైంది. చండ్ర చెట్ల ముళ్లు బట్టలు చీరుతున్నాయి. బురదలో కాళ్లు దిగబడుతున్నాయి. ఎలుగుబంటి తవ్విన పుట్టలు దాటి, వాగు దాటి, కొండ నడుముకు చేరేసరికి బారెడు పొద్దెక్కింది. తీగలు నరికేసరికి గుహ నోరు కనిపించింది. లోపలి నుంచి చల్లటి గాలి, దాంతో పాటు గబ్బిలాల కంపు గుప్పున కొట్టింది.

"మామా, నీకు పట్టే దోవేనా ఇది?" అన్నాడు సుంకన్న.

"నువ్వు నోరు మూసుకుంటే నాకింత తావు మిగుల్తుంది లేరా," అన్నాడు దస్తగిరి.

మోకు ఒక కొస లింగమ్మ బయట బండకు చుట్టి పట్టుకుంది. రెండో కొస మద్దిలేటి నడుముకు కట్టుకున్నాడు. యుద్ధంలో నాయకుడు ముందు, బలవంతుడు నడుమ, చురుకైనవాడు వెనక. ఇక్కడా అదే వరుస. ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

మొదటి గది విశాలంగానే ఉంది. దివిటీ వెలుగుకు గబ్బిలాలు వేల కొద్దీ లేచి మొహాల మీద కొట్టుకుంటూ పోయాయి. ఆ గది చివర దారి సన్నబడింది. ముందు వంగారు, తర్వాత మోకాళ్ల మీద నడిచారు, ఆ తర్వాత పొట్టల మీద పాకారు. పైబండ వీపుకు ఆనింది. కింది బండ రొమ్ముకు ఆనింది. గట్టిగా ఊపిరి పీలిస్తే చాలు, రెండూ నొక్కుతున్నాయి.

మద్దిలేటి తన గుండె చప్పుడు తనే వినసాగాడు. రాయదుర్గం గోడ మీద బాణాల వానలో నిచ్చెన ఎక్కినవాడు. అక్కడ భయం ఎదుటి నుంచి వచ్చేది, దానికి ఒక ముఖం ఉండేది, కత్తి ఎత్తితే వెనక్కి తగ్గేది. ఇక్కడ దానికి ముఖం లేదు. పై నుంచీ కింద నుంచీ మీద పడుకుని ఉంది. ఎంతసేపు పాకారో తెలియడం లేదు. దివిటీ పొగ కళ్లలో కారంలా మండుతోంది.

"అన్నా, నిలబడు, నిలబడు!" వెనక దస్తగిరి గొంతు. ఆ గొంతు అతనిదిలా లేదు. "ఇరుక్కున్యా!"

"ఊపిరి వదిలిపెట్టి జరుగు!"

"జరగల్యా! బండ కిందికి దిగుతాంది! దిగుతాందన్నా!"

ఫిరంగి పక్కన రాయిలా నిలబడే మనిషి పసిపిల్లాడిలా కాళ్లు తన్నుకోసాగాడు. చాచిన కుడిచేతిలో కత్తి అటూ ఇటూ కొట్టుకుంది. దాని మొన మద్దిలేటి పిక్కలో దిగింది.

"నన్నే పొడుస్తాండావురా!" మద్దిలేటి గర్జించాడు. గుహంతా ఆ కేకను తిరిగి అరిచింది. ఆ క్షణంలో అతని మనసులోకి ఒక పాడు ఆలోచన పాములా దూరింది. వీడి కన్ను సొమ్ము మీద ఉందేమో! లేకపోతే పిలవగానే ఎందుకొచ్చాడు? ఒకే కంచంలో తిన్న మనిషి గురించి అలా అనుకున్నందుకు సిగ్గు వేసింది. అయినా ఆలోచన పోలేదు.

కాలు ఈడ్చుకుంటూ ముందుకు పాకాడు. ఉన్నట్టుండి ముందు చెయ్యి గాలిలోకి పోయింది. సందు అయిపోయింది. జారి అవతల గదిలో పడ్డాడు.

లేచి దివిటీ ఎత్తాడు. ఎదురుగా నల్లటి మడుగు. మడుగు ఒడ్డున పచ్చబడిన రాగి కొప్పెర ఒరిగి ఉంది. అంచుల మీదుగా వరహాలు నీళ్లలోకి పొర్లి మెరుస్తున్నాయి. అతను అటు ఒక అడుగు వేశాడు. కాలి కింద ఏదో పటుక్కుమంది. దివిటీ దించాడు.

ఎముకలు. తాను వచ్చిన సందు నోటి దగ్గరే, ఒకదాని మీద ఒకటి. పుర్రెలు నిలువునా పగిలి ఉన్నాయి. చేతి ఎముకల దగ్గర కత్తులు, వాటికి చీకిపోయిన ఎర్ర తాళ్లు. సందు పక్కన గోడకు ఆనుకుని మరో అస్థిపంజరం కూర్చుని ఉంది. ఎడమచెయ్యి మడుగులోకి జారిపోయింది, దానికి కడియం లేదు. కుడిచేతి దగ్గర కత్తి. ఆ కత్తిపిడి మీద వెండి పువ్వు మద్దిలేటికి తెలుసు.

"అన్నా..." అన్నాడు. వెనక్కి అడుగు వేశాడు. గాయపడ్డ కాలు తడిరాయి మీద జారింది. దివిటీ చేజారి మడుగులో పడి చురచురమని ఆరిపోయింది.

చీకటి. కళ్లు మూసినా తెరిచినా ఒకటే.

అప్పుడు వినిపించింది. సందులోంచి ఇనుము రాతికి గీసుకుంటున్న చప్పుడు. ఎవరో బొంగురుగా, రొప్పుతూ, మాట లేకుండా తన వైపే వస్తున్నారు. అది దస్తగిరి అని మద్దిలేటికి తెలుసు. తెలిసినా ఒళ్లు నమ్మలేదు. వీపు గోడను వెతుక్కుంది. చెయ్యి దానంతట అదే లేచింది. మణికట్టుకు కట్టిన కత్తి చేతితో పాటు లేచింది. చప్పుడు సందు నోటి దగ్గరికి వచ్చింది. మద్దిలేటి ఉన్న బలమంతా కూడదీసి నరికాడు.

రాతి మీద నిప్పురవ్వలు లేచాయి. ఆ రవ్వల వెలుగులో జానెడు దూరంలో చెమటతో తడిసిన దస్తగిరి ముఖం ఒక్క రెప్పపాటు కనిపించి మాయమైంది.

"అన్నా! నేనన్నా! నేను!"

మద్దిలేటి గోడకు జారి కూలబడ్డాడు.

"మామా!" సందులో వెనక నుంచి సుంకన్న అరుస్తున్నాడు. "నీ పిర్రలు తప్ప నాకేం కనపడల్యా! ఏమయిందో చెప్పండి సామీ!"

ఎలాగో దస్తగిరి బయటికి జారాడు. అతని వెనక సుంకన్న వచ్చి చెకుముకి కొట్టి, వీపుకు కట్టుకొచ్చిన రెండో దివిటీ వెలిగించాడు. వెలుగు రాగానే ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. మద్దిలేటి చెన్నప్ప పక్కనే, అదే గోడకు, అలాగే ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అతని కత్తి మొన విరిగి ఉంది.

సుంకన్న ఎముకల కుప్ప చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "బూతం..."

"బూతం లేదు, ఏం లేదు," అన్నాడు మద్దిలేటి. "మాయన్న ముందొచ్చినాడు. దివిటీ పోయింది. వెనకోళ్లు భయపడి, గోకుకుంటా, కత్తులు ఆడించుకుంటా వచ్చినారు. ఆయన... ఇప్పుడు నేను చేసిందే చేసినాడు. గురి తప్పల్యా, అంతే తేడా. ఆయన దెబ్బ తప్పని మనిషి."

దస్తగిరి ఒక పుర్రె మీది గాటును వేలితో తడిమాడు. చెన్నప్ప పక్కటెముకల్లోనూ ఒక గాటు ఉంది. చివరగా వచ్చినవాడు ఎవరో బదులు తీర్చినట్టున్నాడు.

మద్దిలేటి తన మణికట్టు నోటికి ఎత్తుకుని ఎర్రతాడు పళ్లతో కొరకసాగాడు.

"ఏం చేస్తాండావన్నా!" దస్తగిరి అతని చెయ్యి పట్టుకున్నాడు. "విప్పుకుంటే చచ్చినోళ్లలో లెక్క గదా!"

"విప్పుకోనోళ్లు ఈడ ఏడుమంది ఉండారు. సూడు."

దస్తగిరి చూశాడు. తర్వాత తన చెయ్యి మద్దిలేటి ముందు చాపాడు. తాడు తెగింది. సుంకన్న తనది తనే కోసుకున్నాడు. మూడు కత్తులూ చెన్నప్ప పాదాల దగ్గర పెట్టారు.

అంతలో సుంకన్న కిందికి చూసి ఉలిక్కిపడ్డాడు. "అన్నా, ఇందాక ఈ రాయి పొడిగా ఉండె!"

పైన వాన జోరైనట్టుంది. మడుగు చప్పుడు లేకుండా ఒడ్డెక్కుతోంది. ఎముకల మధ్యకు నీళ్లు వచ్చేశాయి.

"బిరబిరా!" అన్నాడు మద్దిలేటి. "కొప్పెర సందులో పట్టదు, దాన్ని తెచ్చిన పాత దోవ యాడో మూసుకుపోయినట్టుంది. తలగుడ్డల్లో ఎంత పడితే అంత కట్టండి!"

వరహాలు దోసిళ్లతో తోడి మూటలు కట్టారు. ఈసారి మద్దిలేటి వరుస మార్చాడు. "సుంకా, నువ్వు ముందు. నీకు ఆ సందంటే లెక్కలేదు. దస్తగిరి నడుమ. నేను కడాకు. నువ్వు మాట్లాడ్డం ఆపొద్దు. ఏదో ఒగటి వాగు."

"ఇన్నాళ్లకు నా నోటికి పని చెప్పినావన్నా!"

మోకు పట్టుకుని సందులో దూరారు. వెనకనుంచి నీళ్లు తరుముకొస్తున్నాయి. ముందు సుంకన్న గొంతు ఆగకుండా వస్తోంది. "మామా, మా అత్త చేసే సంగటి సంగతి చెప్పినానా నీకు? ముద్ద గోడకేసి కొడితే గోడ పడింది. ఇంటాండావా?"

"ఇ... ఇంటాండా."

"ఆ ముద్ద మీ ఫిరంగిలో పెట్టి పేలిస్తే నవాబు కోట ఎగిరిపోదా? చెప్పు మామా!"

"పోతుంది... మీ అత్తను కూడా పెట్టు..."

సుంకన్న నవ్వాడు. నవ్వు సందంతా పాకింది. దస్తగిరి ఊపిరి కాస్త నెమ్మదించడం వెనకనున్న మద్దిలేటికి తెలిసింది. ఊపిరి నెమ్మదించేసరికి ఒళ్లు సన్నబడింది. ఇందాక ఇరుక్కున్న చోటును దస్తగిరి జారుతూ దాటుతున్నాడు.

నడుము దాకా దాటాక ఆగిపోయాడు. "కాళ్లు రావల్యా! ఏదో అడ్డం పడిందన్నా!"

అడ్డం పడింది మద్దిలేటి ముందుకు తోసుకొస్తున్న మూటే. తన మూటలో అతను అందరికంటే ఎక్కువ నింపాడు. అది దస్తగిరి మడమలకూ రాతికీ నడుమ బిరడాలా బిగుసుకుంది. నీళ్లు మద్దిలేటి గడ్డం తాకాయి.

"అన్నా!" దస్తగిరి మళ్లీ తన్నుకోవడం మొదలుపెట్టాడు.

మద్దిలేటి మూటను రెండు చేతులా పట్టుకున్నాడు. ఇది లేకుండా పోతే దొర నమ్మడు. అన్న ద్రోహిగానే మిగులుతాడు. బుగ్గ దగ్గర ఆడవాళ్లు వదినను కడవ ముంచనివ్వరు. ఇది లేకపోతే ఏమీ లేదు. నీళ్లు అతని పెదవులు దాటాయి. మూటను వెనక్కి గుంజి, తన పక్క నుంచి కాళ్ల వైపు తోసేశాడు. వరహాల బరువు బండమీద గరగరలాడుతూ చీకట్లోకి జారిపోయింది.

"మీ మూటలు కూడా వదలండి! వదిలేయండి అన్నీ!" అని అరిచి దస్తగిరి చీలమండ పట్టుకున్నాడు. "ఇది నా చెయ్యి దస్తగిరీ. నా చెయ్యే. పో, ముందుకు పో!"

బయట లింగమ్మ మోకు గుంజుతోంది. అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారుతున్నా ఆపలేదు. ముందు సుంకన్న, తర్వాత దస్తగిరి, చివరగా మద్దిలేటి గబ్బిలాల గదిలోంచి వాన వెలుగులోకి వచ్చి పడ్డారు. దస్తగిరి ఆకాశం కేసి చూస్తూ నోరు తెరిచి వానను తాగాడు.

లింగమ్మ ముగ్గురి చేతులూ చూసింది. కత్తులు లేవు. సొమ్మూ లేదు.

"లోపలున్యాడా?" అంది.

"ఉండాడు వదినా."

"ఎట్ల పోయినాడు?"

బూతం చంపిందని చెప్పొచ్చు. నీళ్లు ముంచాయని చెప్పొచ్చు. సుంకన్న అతని వైపు చూసి కళ్లతోనే వద్దన్నాడు. మద్దిలేటి వదిన ముందు కూర్చుని అంతా చెప్పాడు. చీకటి గురించి, చప్పుడు గురించి, తను దస్తగిరి తలకు గురిపెట్టిన దెబ్బ గురించి కూడా. అంతా విన్నాక లింగమ్మ మొహం కొంగులో దాచుకుంది. ఆమె భుజాలు చాలాసేపు కదిలాయి.

కోట వాకిట్లో నరసప్ప నాయకుడు వాళ్ల ఖాళీ మణికట్లు చూసి మండిపడ్డాడు.

"సొమ్మేదిరా? కత్తులేవి?"

"రెండూ లోపలే ఉండాయి దొరా. నీళ్లు తగ్గినాక మీరే వచ్చి సూడండి, దోవ నేను చూపిస్తా. ఒగటే మాట. కత్తి బయట పెట్టి రావాల."

"నాకు చెప్పేంత మొగోడివయినావా?"

లోపల జరిగింది మద్దిలేటి చెప్పినా దొర నమ్మలేదు. వాన వెలిసి నీళ్లు తీసేవరకు ముగ్గురినీ కొట్టంలో బంధించి ఉంచాడు. నీళ్లు తగ్గిన రోజున సొమ్ము మీది ఆశతో దొరే బయలుదేరాడు. కత్తి మణికట్టుకు కట్టించుకుని మరీ బయలుదేరాడు. ఆ సంగతి తెలిసి కోటంతా వెంట నడిచింది. ఆ ఆరుగురి పెళ్లాలూ వచ్చారు.

దివిటీ పట్టుకుని మద్దిలేటి ముందు, అతని వెనక దొర లోపలికి పోయారు. బయట అందరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. ఎంతో సేపు కాలేదు. లోపలి నుంచి ఒక కేక వినిపించింది. అది ఎవరి గొంతో వెంటనే ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత సందులోంచి వెనక్కి పాకి, పడుతూ లేస్తూ, మట్టి కొట్టుకుపోయిన నరసప్ప నాయకుడు బయటపడ్డాడు. తలపాగా లేదు. ముఖం సున్నంలా ఉంది. ఎడమ మోచేయి నెత్తురోడుతోంది, తన కత్తే కోసింది. అతని వెనక మద్దిలేటి రెండో పిక్కలో కొత్త గాయంతో వచ్చాడు.

దొర ఆ గాయం చూశాడు. తన చేతిలోని కత్తిని చూశాడు. ముడి విప్పబోతే వేళ్లు ఆడలేదు. మద్దిలేటే విప్పాడు.

దొర జనం వైపు తిరిగాడు. "లోపల నా కత్తీ నా మనిషి మీదే లేచింది. చెన్నప్ప పారిపోలేదు. ద్రోహి కాదు. ఈ గుహ నోరు రాళ్లతో మూసేయండి. సొమ్ము ఆడే ఉండనీ."

జనం గుసగుసలాడారు. లింగమ్మ ముందుకు వచ్చింది.

"మీరు చెప్పాల్సింది చెప్పినారు దొరా. తక్కింది నేను చెప్పుకోవాల."

ఆమె ఆ ఆరుగురు ఆడవాళ్ల ఎదుట నిలబడింది. వాళ్ల మొగుళ్లు ఎలా పోయారో, ఎవరి చేతిలో పోయారో, గొంతు తగ్గించకుండా చెప్పింది. చెప్పి, ఏమైనా అనండని చేతులు కట్టుకుని నిలబడింది.

ఒకామె నేలమీద కూలబడి ఏడ్చింది. ఇంకొకామె వచ్చి లింగమ్మ చెయ్యి పట్టుకుంది, మళ్లీ వదిలేసింది. అందరికంటే పెద్దామె ఏమీ అనకుండా వెనక్కి తిరిగి ఒక్కతే కొండ దిగిపోయింది. లింగమ్మ ఆమె కనుమరుగయ్యేదాకా అటే చూసింది. తర్వాత వంగి ఒక రాయి ఎత్తి గుహ నోట్లో పెట్టింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే రాళ్లు అందుకున్నారు.